ఒక్క గడి

ధర్మవరం ప్యాసింజరు దిగి
అనంతపురం సుభాష్ రోడ్డు ఎండలో నడిచి
ఇనాయత్ అంగడి మెట్లెక్కేసరికి
చీటీ డబ్బు చేతిసంచిలో వేడెక్కింది.
ఇరవై రెండు వేలు.
నాలుగు వేలు నష్టానికి పాడిన చీటీ.

నా సిస్టమ్ ముసలిదైంది.
కొంగు డిజైను సేవ్ కొట్టి
బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా
ఆకుపచ్చ గీత సగంలోనే ఉంటాది.
కార్డులు ఎప్పుడిస్తావని ఆసాములు వాకిట్లో.
గ్రాఫుకి మూడొందలు బాకీ పెట్టినోడు కూడా
మూడు లక్షలిచ్చినట్టు నిలబడతాడు.

ఇనాయత్ నారింజ డబ్బా తీసినాడు.
అగ్గిపెట్టెంత చిప్పు,
చెప్పుల జత పట్టే డబ్బా.
"ఎనిమిది కోర్లు అక్కా,
పదేళ్ళు తిరిగి చూడక్కర్లేదు.
పంతొమ్మిదిన్నర. నీకని పంతొమ్మిది."
నీకని అనే మాట
పట్టుచీరల అంగళ్ళలో చానా విన్నా.

కొంగు చూసి చీర కొనే మనిషిని కాను.
తిప్పి లోపలి పోగు చూస్తా.
జరీని గోటితో గీరతా.
దీన్ని ఎక్కడ గీరాలో తెలీక
సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసినా.
"ఇందులో నెమలి అంచు ఉండాది.
దీంట్లో వేసి చూపించు."

ఎనిమిదని చెప్పి
తెర మీద పదహారు గళ్ళు చూపించినాడు.
గళ్ళు లెక్కపెట్టడమే నా బతుకు.
నాలుగొందల ఎనభై హుక్కుల జాకార్డుకి
ఒక గడి తప్పితే
నెమలి మెడ విరుగుతుంది.
రెప్ప వేయకుండా చూసినా.
సేవ్ కొట్టినాడు.
ఒక్క గడి నిండింది, పైదాకా.
కాసేపటికి అది ఖాళీ, పక్కది నిండింది.
తక్కినవన్నీ
కరెంటు పోయిన వీధిలో ఇండ్ల మాదిరి
ఊరికే ఉన్నాయి.

"మా వీధిలో మారెన్న షెడ్డు ఉండాది ఇనాయత్.
ఎనిమిది మగ్గాలు, నేసేటోడు ఒక్కడు.
ఈ మగ్గం మీంచి లేచి ఆ మగ్గం మీద కూర్చుంటే
చీర తొందరగా దిగుతాదా?"
గడ్డం గోక్కున్నాడు.
"మీ డిజైను సాఫ్ట్‌వేర్ పాతది అక్కా.
దానికి ఒక్క చెయ్యే."
"కొత్తదెంత?"
"యాభై వేలు."
ఇద్దరం నవ్వినాం.

అప్పుడు వంగి, కింది అరలోంచి
దుమ్ము పట్టిన డబ్బా తీసినాడు.
పోయినేడు సరుకు. నాలుగు కోర్లు.
ఏడువేల ఎనిమిదొందలు.
పాత బోర్డు మీదే కూర్చుంటాదంట.
బిల్లులు కొట్టే తన సొంత సిస్టమ్‌లో
ఉన్నది అదేనని అప్పుడు ఒప్పుకున్నాడు.
అదే నెమలి, అదే అంచు.
పెద్దది ఇరవైమూడు సెకన్లు.
ఇది ఇరవయ్యారు.

మూడు సెకన్లకు పదకొండువేల రెండొందలు.
మూడు సెకన్లలో
తెగిన పోగొకటి కూడా అతకలేను.

నాలుగు వేలకే సెకండ్‌హ్యాండుది ఉందన్నాడు.
వద్దన్నా.
చవక కావాలని రాలేదు, గిట్టాలని వచ్చినా.
కల్తీ పట్టు ఒక్కసారి నేసి
మూడేళ్ళు తల దించుకున్న ఇల్లు మాది.

ఆ నారింజ డబ్బా వైపు మళ్ళీ చూసినా.
అబద్ధమెందుకు, రెండుసార్లు చూసినా.
తర్వాత యూపీఎస్‌కి బ్యాటరీ అడిగినా.
మధ్యాహ్నం మూడింటికి మా వార్డులో పోయే కరెంటుకి
ఎన్ని కోర్లున్నా చీకటే.
మిగిలింది, ఇంకా కట్టాల్సిన కంతులకి.

రాత్రి చిన్నోడు టార్చి పట్టుకుంటే
చిప్పు మార్చినా.
కొంగు డిజైను సేవ్ కొట్టి
అలవాటుగా బియ్యానికి లేచినా.
చేట తీసుకోకముందే అయిపోయింది.
కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు.

పాత చిప్పు మా అత్త అరచేతిలో ఉంది.
కింద బంగారు రంగు సూదులు, వందల్లో.
కళ్ళజోడు సర్దుకొని
గోటితో గీరింది.
"అసలు జరీనా ఏంది?"
"పైపూత అత్తా."
"పైపూతే?
ఇన్నేండ్లు బాగానే మోసింది పాపం" అని
కొంగుతో తుడిచి
బొత్తాల డబ్బాలో వేసుకుంది.